పచ్చకామెర్లు, పసరు మందు: సాక్ష్యాన్ని తూచడం ఎలా?

తొలకరి జల్లులు పడిన కొద్ది వారాలకే మన గార్ల పరిసరాలలోని చేలగట్ల మీద, ఇండ్ల వెనుక దొడ్లలో, జానెడు ఎత్తు గల ఒక చిన్న మొక్క మొలుస్తుంది. ఆకుల అడుగున ఆవగింజల కంటె కొంచెం పెద్దవైన పచ్చని కాయలు వరుసగా వ్రేలాడుతూ ఉంటాయి. తెలుగువారు దీనిని నేల ఉసిరి అంటారు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో దీని పేరు భూయీ ఆమ్లా. పల్లెలలో పసిరికలు అనీ, పుస్తకాలలో పచ్చకామెర్లు అనీ, హకీముల భాషలో యర్ఖాన్ అనీ పిలువబడే వ్యాధికి ఈ మొక్క పసరు పేరు మోసిన మందు. పరగడుపున పసరు త్రాగించడం, నూనె కారాలు మాన్పించి మజ్జిగ అన్నం పెట్టడం తరతరాలుగా వస్తున్న పద్ధతి. త్రాగినవారిలో అత్యధికులు కోలుకొంటున్నారు. ఈ మాటను ఎవరూ కాదనలేరు. అయితే వారు కోలుకొన్నది పసరు వలననా, లేక పసరు త్రాగిన తరువాతనా? పైకి చిన్నదిగా కనిపించే ఈ భేదంపైననే ఈ వ్యాసమంతా ఆధారపడి ఉన్నది.

ఈ ప్రశ్న మన ఒక్క ప్రాంతానిది కాదు. చైనా దేశంలో మూలికా వైద్యం ప్రభుత్వ ఆసుపత్రులలోనే సాగుతున్నది. కాలేయ వ్యాధులకు, ఫ్లూ జ్వరానికి, 2020 నుండి కరోనాకు కూడా అక్కడ మూలికల మందులు లక్షలాది ప్రజలకు ఇచ్చారు. వాటి గుణాన్ని నిర్ణయించడంలో అక్కడి పండితులకు ఎదురైన చిక్కులే మన పసరు మందు విషయంలోనూ ఎదురవుతాయి.

ముందుగా కామెర్లంటే ఒకే వ్యాధి కాదని గ్రహించాలి. కన్నులు, చర్మం పసుపు రంగుకు తిరగడం ఒక లక్షణం మాత్రమే. దానికి కారణాలు అనేకం. వాటిలో వైరస్ వలన వచ్చేవి ప్రధానంగా రెండు తెగలు. 'ఎ', 'ఇ' అనే రకాలు కలుషితమైన నీటి వలన, ఆహారం వలన వ్యాపిస్తాయి. వానకాలంలో బావులలోనికి, కుళాయి గొట్టాలలోనికి మురుగు చేరినప్పుడు వచ్చే కామెర్లు చాలావరకు ఇవే. 1955 డిసెంబరు, 1956 జనవరి నెలలలో ఢిల్లీ నగరంలో మంచినీటిలో మురుగు కలిసి సుమారు 29,000 మందికి కామెర్లు సోకాయి. అది 'ఇ' రకమని చాలా సంవత్సరాల తరువాత తేలింది. ఈ రెండు రకాలలోనూ రోగి శరీరమే కొన్ని వారాలలో వైరస్‌ను జయిస్తుంది. ఏ మందూ పుచ్చుకొనక విశ్రాంతి తీసుకొన్నా, మంత్రం వేయించుకొన్నా, పసరు త్రాగినా, నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఫలితం ఒకటే. ఒక్క మినహాయింపు కలదు. నిండు గర్భిణికి 'ఇ' రకం సోకితే అది ప్రాణాంతకం కావచ్చు. ఆమెను పథ్యం పేరుతో ఇంటిలో ఉంచడం ఎంతమాత్రం తగదు.

'బి', 'సి' రకాల స్వభావం వేరు. ఇవి రక్తం ద్వారా, శుభ్రపరచని సూదుల ద్వారా, ప్రసవ సమయంలో తల్లి నుండి బిడ్డకు సంక్రమిస్తాయి. పెద్దవారికి 'బి' సోకితే నూటికి తొంభై అయిదుగురికి పైగా దానిని వదిలించుకొంటారు. పుట్టుకతోనే సోకిన శిశువులలో మాత్రం నూటికి తొంభై మందిలో అది శాశ్వతంగా నిలిచిపోతుంది. వారికి కామెర్లు రాకపోవచ్చు, వచ్చినా రంగు పోతుంది, ఆకలి పుడుతుంది. వైరస్ మాత్రం కాలేయంలో నిశ్శబ్దంగా ఉండి, ఇరవై ముప్పై ఏండ్ల తరువాత కాలేయం గట్టిపడి చెడిపోవడానికో, క్యాన్సరుకో దారి తీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో 'బి' వైరస్‌తో జీవిస్తున్నవారు సుమారు 2 కోట్ల 98 లక్షలు. పసరు ఇచ్చే పెద్దమనిషి కంటి రంగును చూసి తగ్గిందంటాడు. ఆయన చెప్పేది అబద్ధం కాదు, ఆయన చూసినది అంతే. చూడలేనిది రక్తంలో ఉన్నది.

కావున కోలుకొన్నవారి మాటను మాత్రమే ఆధారం చేసుకొంటే, తనంతట తాను తగ్గే వ్యాధికి ఏ మందైనా గొప్ప మందే అవుతుంది. పైగా మనిషి మందు కొరకు బయలుదేరేది వ్యాధి మిక్కుటమైన రోజున. ఆ మరునాటి నుండి సాధారణంగా తగ్గుముఖమే కదా! మరొక విషయం కూడా గమనించదగినది. తగ్గినవారు నలుగురికి చెప్పుతారు. తగ్గనివారు వేరొక వైద్యుని వద్దకు పోతారు. చనిపోయినవారు వచ్చి సాక్ష్యం చెప్పరు.

దీనికి పరిష్కారం పాశ్చాత్యుల నుండి అరువు తెచ్చుకొన్నదని కొందరు అనుకొంటారు. అది సరికాదు. మశూచికి, తట్టుకు భేదాన్ని వివరిస్తూ ప్రత్యేకంగా గ్రంథం వ్రాసిన అల్‌రాజీ పదవ శతాబ్ది ప్రారంభంలో జీవించిన వైద్యుడు. అల్‌హావీ అనే ఆయన బృహద్గ్రంథంలో ఒక ఆసక్తికరమైన ప్రస్తావన ఉన్నది. సర్సామ్ అనే మెదడు వ్యాధి సూచనలు కనిపించిన రోగులలో ఒక బృందానికి రక్తం తీయించి, మరొక బృందాన్ని బుద్ధిపూర్వకంగా అట్లే ఉంచి, ఫలితాలను పోల్చి చూశానని ఆయన వ్రాశారు. మందు పుచ్చుకొన్నవారి ప్రక్కన పుచ్చుకొననివారిని నిలబెట్టి చూడడమనే ఆలోచన అక్కడ స్పష్టంగా ఉన్నది. ఆయన రక్తం తీయడమే మేలన్న నిర్ణయానికి వచ్చారు. నేటి వైద్యం దానిని అంగీకరించదు. పద్ధతి సరియైనదే కాని, ఎవరిని ఏ బృందంలో చేర్చాలో వైద్యుడే ఎన్నుకొంటే తెలియకుండానే బలమైనవారు ఒకవైపు చేరవచ్చు. ఆ లోపం తీరడానికి చాలా శతాబ్దాలు పట్టింది. బ్రిటనులో 1948లో వెలువడిన స్ట్రెప్టోమైసిన్ పరీక్షలో, ఎవరికి ఏ చికిత్స అనే నిర్ణయాన్ని వైద్యుని చేతినుండి తప్పించి, చీటీలు తీసినట్లు యాదృచ్ఛిక సంఖ్యలకు అప్పగించారు.

1037లో మరణించిన ఇబ్న్ సీనా తన అల్‌ఖానూన్ రెండవ భాగంలో మందును పరీక్షించడానికి నియమాలు వ్రాశారు. మందులో పరాయి గుణం కలిసి ఉండరాదు. పరీక్షించే వ్యాధి ఒక్కటై ఉండాలి, కలగాపులగం కారాదు. మందు పనిచేసిన సమయాన్ని గమనించాలి. ఫలితం ఎల్లప్పుడూ, లేదా చాలా సందర్భాలలో కనిపించాలి, ఒకసారి కనిపిస్తే అది కాకతాళీయం కావచ్చు. చివరకు మనిషి మీదనే పరీక్షించాలి. చార్మినారు దగ్గరి నిజామియా యునానీ ఆసుపత్రిలో మందు తీసుకొనే సామాన్యునికి ఈ నియమాలు తెలియకపోవచ్చు. ఆ విద్యకు వారసులమని చెప్పుకొనేవారికి మాత్రం తెలియవలసి ఉన్నది. రెండవ నియమం ఒక్కటి చాలు. 'ఎ' కామెర్లను, 'బి' కామెర్లను ఒకే గాటన కట్టి పసరు గుణాన్ని నిర్ణయించడం ఆ నియమానికే విరుద్ధం.

మరి నేల ఉసిరిని ఈ విధంగా ఎవరైనా పరీక్షించారా? పరీక్షించారు. ఆ కథ విద్యార్థులు శ్రద్ధగా చదువదగినది. 'బి' వైరస్ జాడను మొదట రక్తంలో కనుగొని, 1976లో నోబెల్ బహుమతి పొందిన అమెరికా శాస్త్రజ్ఞుడు బరూచ్ బ్లూంబెర్గ్. ఆయన సహచరులు 1987లో నేల ఉసిరి సారం ఆ వైరస్ పెరుగుదలకు అవసరమైన ఎంజైమును పరీక్షనాళికలో అడ్డుకొంటున్నదని ప్రకటించారు. మరుసటి సంవత్సరం, 1988లో, మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.పి. త్యాగరాజన్, బ్లూంబెర్గ్ తదితరులు లాన్సెట్ పత్రికలో మనుషుల మీద జరిపిన పరీక్షను ప్రచురించారు. వైరస్‌ను దీర్ఘకాలంగా మోస్తున్న వారికి నేల ఉసిరి పొడి 200 మిల్లీగ్రాముల చొప్పున దినానికి మూడుసార్లు, 30 దినాలు ఇచ్చారు. పోల్చడానికి మరికొందరికి గుణం లేని ఉత్తుత్తి మందు, అనగా ప్లాసిబో ఇచ్చారు. నేల ఉసిరి పుచ్చుకొన్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ చిహ్నం మాయమైనది. ప్లాసిబో పుచ్చుకొన్న 23 మందిలో ఒక్కరికే మాయమైనది. నూటికి 59, నూటికి 4. ఏమీ చేయకుండా వదిలితే అట్టివారిలో ఏడాదికి నూటికి ఒకరిద్దరికే అది తొలగుతుంది. అందువలన ఈ ఫలితం ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది. మన చేలగట్టు మొక్కకు అంతకంటె గొప్ప గౌరవం మరొకటి దక్కలేదు.

అయినను రచయితలు దీనిని ప్రాథమిక పరిశోధన అనే పిలిచారు. ఆ మాట వారి నిజాయితీకి గుర్తు. సంఖ్య చిన్నది. రెండు బృందాలలో లెక్కకు వచ్చినవారు సమానం కారు. ఇట్టి ఫలితం నిలవాలంటే వేరొక చోట, వేరొకరి చేతిలో కూడా రావాలి. థాయ్‌లాండులో చేసి చూశారు. 1990లో ప్రకటించిన ఆ పరీక్షలో వైరస్ తొలగలేదు. న్యూజిలాండులో చేసి చూశారు. 1994లో వెలువడిన ఆ ఫలితమూ నిరాశనే మిగిల్చింది. మొక్క పెరిగిన నేల వేరు, కోసిన కాలం వేరు, సారం తీసిన పద్ధతి వేరు అని కొందరు సమాధానం చెప్పారు. అది కావచ్చు. కాని ఆ భేదాన్ని నిరూపించే భారం చెప్పినవారి మీదనే ఉంటుంది.

చైనాలో ఈ జాతి మొక్కల మీద చాలా పరీక్షలు జరిగాయి. 2001లో ఒక పండిత బృందం 22 పరీక్షలను, 1,947 మంది రోగుల వివరాలను సమీక్షించింది. వాటిలో అధికభాగం చైనావి. 2011లో కోక్రేన్ సంస్థ పక్షాన మరింత కఠినమైన సమీక్ష వెలువడింది. అందులో 16 పరీక్షలు, 1,326 మంది రోగులు. ఇంత పెద్ద రాశిలో ప్లాసిబోతో పోల్చినది ఒక్కటే! తక్కినవాటిలో వైరస్ మందుకు నేల ఉసిరిని జోడిస్తే లాభమున్నదా అని చూశారు. కొంత లాభం ఉండవచ్చునని రక్తపరీక్షలు సూచించాయి. కాని ఆ రోగులకు కాలేయం చెడిపోవడం తగ్గిందా, ఆయుర్దాయం పెరిగిందా అనే విషయం ఏ పరీక్షా నమోదు చేయలేదు. నేల ఉసిరి ఒక్కటే మేలు చేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని సమీక్షకులు తేల్చారు. సమీక్షించినవారు చైనా దేశీయ పండితులే అధికం కావడం విశేషం. స్వదేశీయ వైద్యాన్ని స్వదేశీయులే తూకం వేసి తక్కువ అని చెప్పగలగడం నా దృష్టిలో ఆ వైద్యానికి అవమానం కాదు.

పరీక్షలు ఇన్ని ఉండి కూడా సాక్ష్యం ఎందుకు బలహీనం? 1998లో ఆండ్రూ వికర్స్ బృందం వివిధ దేశాలలో ప్రచురించిన చికిత్సా పరీక్షలను దేశాలవారీగా లెక్కించింది. ఆక్యుపంక్చరు మినహా ఇతర చికిత్సలలో, ఇంగ్లండు పరీక్షలలో నూటికి 75 అనుకూలంగా ఉండగా, చైనా పరీక్షలలో నూటికి 99 అనుకూలంగా తేలాయి. ఏ దేశపు వైద్యులైనా నూటికి 99 సార్లు గెలువగలరా? ఓడిన పరీక్షలు అచ్చుకు నోచుకొనలేదని, కొన్నిటిలో రోగులను విభజించిన తీరు సరిగా లేదని అనుకోవలసి వస్తుంది. విద్యార్థి తన మార్కులలో మంచివి మాత్రమే ఇంటిలో చూపినట్లున్నది ఈ వ్యవహారం.

కరోనా కాలంలో ఇదే సమస్య మరల వచ్చింది. లియన్‌హువా చింగ్‌వెన్ అనే చైనా మూలికల మందును 284 మంది రోగుల మీద పరీక్షించారు. సగం మందికి, అనగా 142 మందికి, సాధారణ చికిత్సతో పాటు ఆ మందు ఇచ్చారు. జ్వరం, అలసట, దగ్గు తగ్గడానికి ఆ మందు పుచ్చుకొన్నవారికి 7 దినాలు, తక్కినవారికి 10 దినాలు పట్టింది. లాభమే కదా అనిపిస్తుంది. కాని తాము ఏ మందు తీసుకొంటున్నామో రోగులకూ వైద్యులకూ తెలుసు. ప్లాసిబో లేదు. అలసట తగ్గిందా అని అడిగితే, మందు దక్కినవాడు ఒక విధంగా, దక్కనివాడు ఒక విధంగా జవాబు చెప్పుతాడు. అభిప్రాయంతో మారని కొలత ఒకటున్నది: శరీరంలో వైరస్ కనిపించకపోవడం. ఆ విషయంలో రెండు బృందాలకూ చెప్పుకోదగిన తేడా లేదు.

ఆ కాలంలోనే, 2021 మే నెలలో, నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో బొనిగి ఆనందయ్య ఇచ్చిన మందు కొరకు వేలాది జనం తరలి వచ్చారు. మిరియాలు, తేనె, వేపాకు, నేరేడు చిగుళ్లు మొదలైన వాటితో పాటు మన నేల ఉసిరి కూడా అందులో ఉన్నట్లు పత్రికలు వ్రాశాయి. ఆయన డబ్బు అడుగలేదు. ఆసుపత్రులలో మంచం దొరకని దినాలలో ప్రజలు అక్కడికి పరుగెత్తడాన్ని మూఢత్వమని తీసిపారవేయడం న్యాయం కాదు. ప్రభుత్వం పంపిణీని ఆపించి, ఆయుర్వేద పరిశోధన సంస్థలచేత విచారింపజేసింది. ఆ మందు హానికరం కాదని, కాని కరోనాను తగ్గిస్తుందనడానికి ఆధారం లేదని నివేదిక వచ్చింది. కంటిచుక్కలు మినహా నోటి ద్వారా పుచ్చుకొనే మందులకు మే 31న అనుమతి లభించింది. వైద్యులు ఇచ్చిన మందులను మానరాదని కూడా చెప్పారు. విచారణ జరిగింది మందు పుచ్చుకొన్నవారి మాటల మీదనే. పుచ్చుకొననివారి బృందం అందులో లేదు. కంటిచుక్కలు పడగానే ప్రాణం లేచివచ్చిందని ఒక రోగి చెప్పిన దృశ్యాన్ని లక్షలమంది చూశారు. కొద్ది దినాలకే ఆ రోగి మరణవార్త వచ్చింది. వెంటనే అభిప్రాయాలు తలక్రిందులయ్యాయి. ఆ రోగి లేచి కూర్చొనడం మందు గుణానికి సాక్ష్యం కానట్లే, ఆ మరణం మందు దోషానికీ సాక్ష్యం కాదు. ఒక్కరితో ఏదీ తేలదు.

ఒక్కరితో కాదు, ముగ్గురితో కూడా తేలదని చూపే ఉదాహరణ ఒకటి ఉన్నది. గణిత విద్యార్థులు దీనిని స్వయంగా సరిచూసుకొనవచ్చు. నేలవేము అనే చేదు మొక్క మన జ్వరపు కషాయాలలో వాడేదే. చైనా వైద్యంలోనూ, థాయ్‌లాండులోనూ దానికి స్థానమున్నది. 2021లో థాయ్‌లాండు పరిశోధకులు 57 మంది కరోనా రోగులలో 29 మందికి నేలవేము సారాన్ని, 28 మందికి ప్లాసిబోను ఇచ్చారు. మందు బృందంలో ఎవరికీ న్యుమోనియా రాలేదు. ప్లాసిబో బృందంలో ముగ్గురికి వచ్చింది. ఇట్టి తేడా కాకతాళీయంగా వచ్చే అవకాశం 0.039 మాత్రమేనని వారు ప్రకటించారు. ఇప్పుడు లెక్క వేద్దాం. మందుకు ఏ గుణమూ లేదనుకొందాం. అప్పుడు ఆ ముగ్గురికి ఎట్లైనా న్యుమోనియా వచ్చి తీరుతుంది. ముగ్గురూ ప్లాసిబో బృందంలోనే పడే అవకాశం ఎంత? 57లో 28, తరువాత 56లో 27, తరువాత 55లో 26. ఈ మూడు భిన్నాలను గుణిస్తే సుమారు 0.112 వస్తుంది. అనగా తొమ్మిదింట ఒకసారి ఏ మందూ లేకుండానే ఇట్లు జరుగవచ్చు. నూటికి అయిదుకు మించితే నిరూపణగా అంగీకరించరాదనేది ఆచారం. లెక్క తప్పిందని తెలియగానే పరిశోధకులు ఆ సంవత్సరమే తమ వ్యాసాన్ని ఉపసంహరించుకొన్నారు. నేలవేము పనికిరాదని దీని అర్థం కాదు. 57 మందితో ఆ విషయం చెప్పలేమని మాత్రమే అర్థం.

మూలికలు మేలు చేయకపోయినా కీడు చేయవు కదా అనే వాదం తరచు వినబడుతుంది. 1993లో బెల్జియం వైద్యులు ఒక విషాదాన్ని బయటపెట్టారు. బరువు తగ్గించే మందులో ఒక చైనా మూలికకు బదులు, పేరులో పోలిక గల మరొక మూలిక కలిసింది. అది పుచ్చుకొన్న స్త్రీలకు మూత్రపిండాలు చెడిపోయాయి. ఆ మూలిక జాతికి చెందినవే మన గాడిదగడప, నల్ల ఈశ్వరి. 2020 చివరి నెలలలో ముంబయిలో తిప్పతీగ కషాయం త్రాగిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని అక్కడి వైద్యులు వ్రాశారు. అది అసలు తిప్పతీగ కాదు, దానిని పోలిన వేరొక తీగ కావచ్చునని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. ఆ అభ్యంతరం నిజమే అనుకొన్నా, మొక్కను గుర్తించడం ఎంత కష్టమో దానివలననే తెలుస్తున్నది. నేల ఉసిరి పేరుతో మన చేలలో రెండు మూడు జాతులు కలిసి పెరుగుతాయి. పాత పుస్తకాలు ఒక శాస్త్రీయ నామం వ్రాస్తే, తరువాతివారు అది వేరొక జాతి అని దిద్దారు.

ఇంతమాత్రాన మూలికలలో సారం లేదని నేను చెప్పడం లేదు. చైనా శాస్త్రజ్ఞురాలు తు యూయూ నాలుగవ శతాబ్దపు వైద్య గ్రంథం చదివి, అందులో ఆకును చన్నీటిలో నానబెట్టి పిండమన్న సూచనను గమనించి, వేడి చేయకుండా సారం తీశారు. 1971లో అది ఎలుకల మలేరియాను పూర్తిగా నిర్మూలించింది. తరువాత మనుషుల మీద పరీక్షలు జరిగాయి. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది. మలేరియా క్రిమి వైరస్ కాదు. కాని పాత గ్రంథాన్ని గౌరవిస్తూనే పరీక్షకు నిలబెట్టిన విధానం మనకు కావలసినది.

'బి' కామెర్లకు సంబంధించినంతవరకు నిలబడిన సాక్ష్యం టీకా పక్షాన ఉన్నది. దానిని మన దేశంలో ప్రప్రథమంగా జన్యు పద్ధతిలో తయారు చేసినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన ఆ సంస్థ టీకా 1997లో విపణిలోనికి వచ్చిన పిమ్మట, విదేశాల నుండి తెప్పించే టీకాల ధర సామాన్యునికి అందుబాటులోనికి దిగివచ్చింది. పుట్టిన 24 గంటలలోపల మొదటి మోతాదు పడితే, తల్లికి వైరస్ ఉన్నా బిడ్డకు చాలావరకు రక్షణ కలుగుతుంది. ఇప్పటికే వైరస్ ఉన్నవారికి 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ కార్యక్రమం క్రింద పరీక్షలు, మందులు ఉచితం. ఆ మందులు వైరస్‌ను అణచి ఉంచుతాయి, సాధారణంగా పూర్తిగా తొలగించవు. వాటిని గురించి కూడా ఎక్కువ చెప్పరాదు.

ఇంటిలో ఎవరికైనా కామెర్లు వచ్చినప్పుడు పెద్దలు పసరు త్రాగిస్తామంటే, కనీసం ముందుగా రక్తంలో 'బి' చిహ్నం ఉన్నదో లేదో పరీక్ష చేయించవలసి ఉన్నది. ఉన్నదని తేలితే కన్నులు తెల్లబడినా ఆరు నెలల తరువాత మరల చూపించాలి. అప్పటికీ చిహ్నం పోకపోతే అది నిలిచిపోయినట్లే. ఇక కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. 'బి' టీకా దేశమంతటా జాతీయ కార్యక్రమంలో చేరినది 2011లో. అంతకు ముందు పుట్టిన మన విద్యార్థులలో కొందరికి అది అందకపోయి ఉండవచ్చు. ప్రవేశ సమయంలో టీకా వివరాలు అడిగి, వేయించుకొననివారిని పేర్లు వ్రాసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపే ఏర్పాటు చేయవచ్చును. మూడు మోతాదులు: మొదటిది వేసిన నెలకు రెండవది, ఆరు నెలలకు మూడవది. జూన్‌లో మొదలుపెడితే వార్షిక పరీక్షలకు ముందే పూర్తవుతుంది.